ఎక్స్‌రే బాబాయికి చెప్పని మాట

మంగళవారం ఉదయం పూరీ గేట్ దగ్గర రిక్షా ఎక్కబోతుంటే మా పాత క్వార్టర్ల లైనులో ఉండే ఆవిడ ఎదురొచ్చింది. "ఎక్స్‌రే బాబాయి పోయినాడట, ఇన్నావా? తెల్లారగట్ల ప్రాణం పోనాదట" అంది. రిక్షా అతను "బోసున్ దీదీ, బోసున్" అని బెంగాలీలో కూర్చోమంటున్నాడు. నేను ఎక్కలేదు. కూరల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, నా మీద నాకే. ఆయనతో చెప్పాల్సిన మాటొకటి పదకొండేళ్ళుగా నా నోట్లోనే ఉండిపోయింది.

ఆయన మాకు చుట్టం కాదు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో పక్క గుమ్మం. నాన్నను అన్నయ్యా అనేవారు కాబట్టి మాకు బాబాయి, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు కాబట్టి లైనంతటికీ ఎక్స్‌రే బాబాయి. వర్క్‌షాపులో ఇనుప రజను పీల్చినవాళ్ళూ, ఇంజిన్లలో బొగ్గుపొగ మింగినవాళ్ళూ ఎవరికి దగ్గొచ్చినా ఆయన ముందు నిలబడాల్సిందే. ఊపిరి పీల్చు, బిగబట్టు, కదలకు అని తెలుగులోనూ హిందీలోనూ బెంగాలీలోనూ ఒకే లాలనతో చెప్పేవారు. ఇంట్లో పిల్లలు అల్లరి చేసినా అదే మాట, "ఊపిరి బిగబట్టు, కదలకు." వాళ్ళు నిజంగానే బుగ్గలు పూరించుకుని నిలబడేవాళ్ళు. ఫిల్ములు కడిగే మందునీళ్ళ వాసన ఆయన చొక్కాను ఎన్నిసార్లు ఉతికినా వదిలేది కాదని పిన్ని సణిగేది.

రోగికి చెప్పకుండా ఏ పనీ చేసే మనిషి కాదు. ఎదురుగా నిలబెట్టి ఒకటి తీసి మళ్ళీ పక్కకు తిరగమంటే జనం హడలిపోయేవారు, పెద్ద జబ్బేదో బయటపడిందని. ఆయన నవ్వేవారు. "ప్లాట్‌ఫారం సివర నిలబడి వచ్చే బండిని ఎదురుగా సూడు. ఏటి కనిపిస్తాది? ఇంజినొక్కటే. ఎనకాల ఎన్ని బోగీలున్నాయో తెలవాలంటే పక్కనుంచి సూడాలి. నీ గుండె ఇంజిన్ లాటిది. దాని ఎనకాల ఏటి దాగుందో సూడ్డానికే పక్కకు తిరగమన్నాను, బయపడకు." అంతే, రైల్వే ఊళ్ళో ఆ మాట అర్థం కానివాళ్ళెవరు?

నాకు పెళ్ళయిన ఏడాదే అమ్మకు దగ్గు పట్టుకుంది. రెండు నెలలైనా తగ్గకపోతే డాక్టరుగారు ఎక్స్‌రే రాశారు. అమ్మకు తోడుగా నేను వెళ్ళాను. బాబాయి మమ్మల్ని తెర వెనక్కి పంపి, "వదినా, మెడలో ఉన్నయ్యన్నీ తీసీయండి, పుస్తెలు కూడా. లోహమేదైనా తెల్లగా పడిపోతాది" అన్నారు.

ఈ సంగతి నేను సరిగ్గా రాయాలి. అమ్మ పుస్తెలు కళ్ళకద్దుకుని తీయడానికి సిద్ధపడింది. చెయ్యి పట్టుకుని ఆపింది నేను.

"ఒద్దమ్మా! నాన్న బండి మీదున్నాడు. ఈయేళ తీస్తావేటి?"

నాన్న డ్రైవరు. ఆ ఉదయమే డ్యూటీ ఎక్కారు. మా లైనులో మొగుడు ఇంజిన్ మీదున్నప్పుడు ఆడది గాజు కూడా మార్చదు. కొత్త పెళ్ళికూతుర్ని, నాకా పట్టింపు మరీ ఎక్కువ.

"మరి ఆయన తీయమన్నాడు కదే" అంది అమ్మ.

"ఎనక్కి తిప్పీ. ఫొటో తీసేది ముందునుంచే కదా" అన్నాను, మహా తెలిసినట్టు. నేనే సూత్రాన్ని వీపు మీదికి తిప్పి, ఆసుపత్రి గౌను సర్దాను.

"అన్నీ తీసినారా అమ్మా?" అని అడిగారు బాబాయి తెర అవతలి నుంచి.

"తీసీసినాం బాబాయ్."

ఎక్స్‌రే అంటే ముఖాన్ని తీసే ఫొటో కాదని నాకు తర్వాత తెలిసింది. ఛాతీని ఫిల్ము ఉన్న పలకకు ఆనించి నిలబెడతారు, కిరణం వచ్చేదే వీపు వైపు నుంచి. మనిషిలోంచి దూసుకుపోయే కిరణానికి ముందేమిటి, వెనకేమిటి? ఫిల్ము మీద సరిగ్గా గుండె దగ్గర రెండు తెల్లటి బిళ్ళలు పడ్డాయి. డాక్టరుగారు బాబాయిని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. ఆయన మా పేరు ఎత్తలేదు. "నేనే సరిగా సూసుకోలేదండి" అన్నారు. నేను గోడ పక్కన నిలబడి వింటున్నాను.

ఫిల్ములకు కటకటగా ఉన్న రోజులవి. మళ్ళీ తీయించుకోవడానికి నెలన్నర పట్టింది. ఈలోగా బాబాయి ఒక సాయంత్రం పిన్ని చేత దారానికి పసుపుకొమ్ము కట్టించి తెచ్చి, "ఇది మెడలో ఏసుకుని అది తీయండి వదినా. పసుపుకొమ్ము ఫిల్ములో పడదు, మెడ బోసిగా ఉండదు" అని అమ్మ చేతిలో పెట్టారు. ఈసారి ఎదురుగా నిలబెట్టీ తీశారు, చేతులు పైకెత్తించి పక్క నుంచీ తీశారు. పక్క ఫిల్ములో గుండె వెనకాల మచ్చ కనబడింది. "ఇంకొంచెం ముందు దొరికుంటే బాగుండేది" అన్నారు డాక్టరుగారు. మరుసటి ఏడు అమ్మ పోయింది. ఆ నెలన్నర ముందే తెలిస్తే బతికేదా? ఎవరూ చెప్పలేరు. చెప్పలేరన్నది నాకు ఊరట కాలేదు.

ఆ తర్వాత బాబాయి బల్ల సొరుగులో పసుపుతాళ్ళు ఎప్పుడూ ఉండేవి. ఆడవాళ్ళు ధైర్యంగా వెళ్ళేవారు. మొన్న పదోరోజున వాళ్ళింటి దగ్గర చేరిన ప్రతివాళ్ళూ ఆ తాళ్ళ గురించే చెప్పారు, ఎంత మంచి ఆలోచనో అని. చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. కాల్చిందెవరో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ఒకసారి మాటల్లో ఆయనే అన్నారు, "మీ అమ్మ పాపం బయపడి ఎనక్కి తిప్పీసుకుంది. నేను ఇంకోపాలి అడగవలసింది తల్లీ, తప్పు నాదే." నేను తల వంచుకున్నాను. పోయిన అమ్మ మీద ఆ పిరికితనం, బతికున్న ఆయన మీద ఆ తప్పు, రెండూ అలాగే ఉండనిచ్చాను. ఎన్నో పండగలకు ఆ గుమ్మం ఎక్కాను. గోల్‌బజార్ చీరల ధరలు మాట్లాడి దిగిపోయాను.

పోయిన నెల ఆయన మంచం పట్టారని తెలిసి, ఈసారి చెప్పే తీరాలని చేపల పులుసు కాచుకుని వెళ్ళాను. పిన్ని నీళ్ళు పట్టడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆయన గోడకు చేరగిలబడి నెమ్మదిగా నాలుగు ముద్దలు తిన్నారు.

"బాబాయ్" అన్నాను.

"ఏటమ్మా?"

మూత తీసి పులుసు గిన్నెలోకి చూశాను.

"పులుసులో ఉప్పు సరిపోయిందా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "సరిపోయిందమ్మా" అన్నారు. నేను కంచం తీసి పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు అందించాను. ఆయన అందుకోలేదు. నేనింకా ఏదో అంటానని, ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నారు.