ఊరికే తాళం వేసిన చెయ్యి

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. గాలి తగలకపోతే ఇట్లా ఫ్యాను కిందికి రండి. ఒక మాట చెప్పాలి.

మొన్న మనవరాలు సెల్లులో ఏదో చదివి వినిపించింది. "అవ్వా, సిన్నప్పుడు సంగీతం నేర్సినోళ్ళ బుర్రకు ఏ వరసైనా తొందరగా పట్టుబడతాదంట."

"దానికి సెల్లెందుకే, నన్నడిగుంటే సెప్పేదాన్ని గదా" అన్నాను. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా నాయన చంద్రగిరి పక్క పల్లెలో పెళ్ళిళ్ళకు డోలు వాయించేవాడు. తమ్ముడికి రోజూ తెల్లారగానే పాఠం. వాడు దారి తప్పకుండా పక్కన ఒకరు తాళం వేయాలి. ఆ పని నాది. వాడికి డోలు, నాకు నా తొడ. ఎప్పుడైనా డోలు ముట్టుకోబోతే "అది నీకెందుకమ్మీ, తాళం సూసుకో" అనేవాడు నాయన. తమ్ముడు తప్పినా నా చెయ్యి ఆగేది కాదు. అట్లా పాఠమంతా నాలోకే వచ్చి చేరింది.

పెళ్ళయి నగరికి వచ్చాక పక్కింటి మగ్గంలో కూలికి చేరాను. చీర అంచులో పువ్వు రావాలంటే కాళ్ళ కింది కర్రలను ఒక వరసలో తొక్కాలి. అది కొత్తవాళ్ళకు ఒక పట్టాన అంతుబట్టదు. ఇంటావిడ తొక్కి చూపిస్తుంటే నాకు మాత్రం నాయన పాఠమే వినిపించింది. తకిట, తకధిమి, మళ్ళీ తకిట. నోట్లో అనుకుంటూ తొక్కాను. వారం తిరక్కముందే పువ్వు విచ్చుకుంది.

"ఏమ్మే, ముందే యాడన్నా నేర్సినావా? నాకాడ దాస్తాండావా?" అని ఆమె అనుమానపడింది.

ఆ నెలలోనే నాయన నన్ను చూడడానికి వచ్చాడు. నేను మగ్గం మీదే ఉన్నాను. కావాలనే పాఠం పైకి అంటూ తొక్కాను. పోల్చుకుంటాడని, ఒక్క మాట అంటాడని నా ఆశ. నాయన అంచు మీద వేలు పెట్టి చూశాడు. ఇంటావిడ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"బాగా నేర్పించినావు తల్లీ. మాది ఒట్టి మొద్దు. దీన్ని మనిషిని సేసినావు."

"నాయనా, ఇది నువ్వు నేర్పిందే గదా! ఇనపళ్ళేదా?"

"నేనేం నేర్పినానమ్మీ నీకు? నేర్పింది మీ తమ్ముడికి. నువ్వు ఊరికే తాళమేస్తా కూసుంటివి."

ఇంటావిడ పగలబడి నవ్వింది. నేను తల వంచుకుని మళ్ళీ తొక్కాను, ఈసారి నోరు మెదపకుండా. పువ్వు వంకర పోయింది.

"పొగిడితే ఇంతే" అని సణిగింది ఆమె.

తమ్ముడు ఏనాడో డోలు వదిలేసి తిరుపతిలో ఆటో తోలుకుంటున్నాడు. నాయన మాత్రం పోయేదాకా, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ వాడి వేళ్ళ గొప్పే చెప్పుకున్నాడు. ఆ మాటలు వింటూ వాళ్ళకు కాఫీలు అందించింది నేనే.

మీ ఇల్లు చల్లగా ఉండాలమ్మా. మీ ఇంటి ఆడబిడ్డ చేతిలో ఏ విద్య కనబడినా, "ఇది నేను నేర్పిందే" అని నోరారా చెప్పుకునే నాయన ఆ బిడ్డకు దొరకాలి.