జర అంటే జ్వరం రాసిన ఫోనూ, మా యాదగిరి అన్నా

నిన్న పొద్దున క్లాస్ మధ్యలో ఉండగా యాదగిరి అన్న కూతురు శిరీష ఫోన్ చేసింది.

"ఆంటీ, బాపు పోయిండు."

మార్కర్ చేతిలోనే ఉండిపోయింది. పిల్లలకి ఏం చెప్పి బయటికొచ్చానో గుర్తులేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగేదాకా ఒకటే ఆలోచన. మొన్న సాయంత్రం కూడా మెసేజ్ పెట్టారు కదా!

నిద్రలోనే పోయారట. ఆ ఒక్కటీ కాస్త ఊరట.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. యాదగిరి అన్నది మన్సూరాబాద్‌లో మా కింద ఫ్లాట్. సొంతూరు తుర్కయంజాల్. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ అక్కడ బత్తాయిల వేలం వేసింది ఆయనే. ఆయన కేక వేస్తే రోడ్డు అవతల ఆటోవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళట.

తర్వాత గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. పూర్తిగా.

ప్రాణం దక్కింది కదా అని అందరం సంతోషించాం, ఆయన తప్ప.

సాయంత్రాలు అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద మా ముచ్చట్లు ఉంటాయి. అన్న ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టి చూపించేవారు. క్రికెట్ మీద ఆయన జోక్ రెడీ అయ్యేసరికి మేం వాటర్ ట్యాంకర్ గురించి తిట్టుకుంటూ ఉండేవాళ్ళం. మర్యాదకి నవ్వేవాళ్ళం.

మర్యాదకి నవ్వుతున్నామని ఆయనకి తెలిసిపోయేది.

కొన్నాళ్ళకి కిందకి రావడం మానేశారు.

నేను కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ చెప్పే మనిషిని. ఊరుకుంటానా? వాళ్ళింటికెళ్ళి కూర్చున్నా. "అన్నా, వేలు ఎత్తకుండా రాయొచ్చు, తెలుసా మీకు?"

"ఎట్ల" అని కొట్టారు.

మొదటి అక్షరం మీద వేలు పెట్టి, మిగతా అక్షరాల మీదుగా జరుపుకుంటూ పోయి, మాట అయ్యాక ఎత్తేయడమే. ఇంగ్లీషు అక్షరాల మీద గీస్తే తెలుగులో పడుతుంది. చెప్పడం ఈజీ! ఆయన అలవాటు కొద్దీ ప్రతి అక్షరానికీ వేలు ఎత్తేసేవారు. నేనేమో ఆ వేలిని పట్టుకుని అదిమేదాన్ని, ఒకటో క్లాసు పిల్లాడికి దిద్దించినట్టు. ఒక్క మాట తప్పు పడితే అక్కడే ఆగిపోయేవారు. "ముందు వాక్యం పూర్తి చేయండి, తప్పులు తర్వాత చూద్దాం" అని ఎన్నిసార్లు కసిరానో.

వారానికి చేయి తిరిగింది. ధైర్యం చేసి అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో మొదటి మెసేజ్ పెట్టారు. ట్యాంక్ క్లీనింగ్ వాళ్ళని ఎవరు పిలుస్తారని అడిగితే, "నాకు జర టైమ్ ఇయ్యుండ్రి, నేను చూస్త" అందామని.

గ్రూప్‌లో పడింది ఇది: "నాకు జ్వరం టైమ్ ఇవ్వండి, నేను చూస్తా."

పది నిమిషాల్లో మూడో ఫ్లోర్ ఆంటీ మిరియాల కషాయంతో దిగింది. ఇంకొకాయన గోలీలు పట్టుకొచ్చాడు. పాపం, మొహమాటానికి కషాయం మొత్తం తాగారు అన్న. వాళ్ళు వెళ్ళాక నాకోసం ఐదు నిమిషాలు కూర్చుని పాత పద్ధతిలో ఒక్కో అక్షరం కొట్టారు.

"జర అంటే జ్వరం అంటది. ఒస్తా అంటే వస్తా అంటది. గిది మీ దిక్కు ఫోనా చెల్లె?"

మాది తెనాలి. పగలబడి నవ్వా. ఆయన నవ్వలేదు. ఇంకో లైన్ కొట్టారు.

"గొంతు పోయె. మాట గూడ పోవాల్నా?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. సిగ్గేసింది కూడా.

ఆ సాయంత్రమంతా డిక్షనరీ సెట్టింగ్స్ తెరుచుకుని కూర్చున్నాం. జర, గిట్ల, ఏంది, ఒస్తా, కాడ, పరేషాన్. ఒక్కో మాటా ఆయన కొట్టి చూపించడం, నేను ఎక్కించడం. శిరీష పాత టాబ్లెట్‌లో కూడా అన్నీ ఎక్కించాం. అందులో కీబోర్డ్ మరీ పెద్దది, వేలు ఊరంతా తిరగాల్సి వచ్చేది. దాన్ని చిన్నది చేసి కుడి మూలకి లాక్కున్నాం. ఇక చూడాలి స్పీడు!

శిరీష పెళ్ళి మాటలప్పుడు నేను అక్కడే ఉన్నా, జంతికల ప్లేట్ పట్టుకుని. పెళ్ళయ్యాక అమ్మాయి ఉద్యోగం మానేయాలన్నారు అబ్బాయి తరఫు పెద్దాయన. అన్నకి గొంతు పోయినప్పటి నుంచి ఎక్కడికెళ్ళినా ఆయన తరఫున మాట్లాడేది బావమరిదే.

"గదేముంది, మానేస్త..." అని బావమరిది ఇంకా అంటూనే ఉన్నాడు.

అన్న వేలు సర్రున తిరిగింది. టాబ్లెట్ ఎత్తి పట్టుకున్నారు. పెద్ద పెద్ద అక్షరాలు.

"జర ఆగుండ్రి. అడగాల్సింది పిల్లను."

శిరీష మాననని చెప్పింది. వాళ్ళూ ఒప్పుకున్నారు. పెళ్ళీ అయింది, ఉద్యోగమూ ఉంది.

ఆ తర్వాత కష్టాలన్నీ బెంచీ మీద మాకే. మేం మాట పూర్తి చేసేలోపు ఆయన పంచ్ వచ్చి పడేది.

నిన్న వెళ్ళేసరికి అన్న భార్య సత్తెమ్మ వదిన ఏడవట్లేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చేయి పట్టుకుంది.

"మార్కెట్ల అరిశి అరిశి ఒచ్చేటోడు చెల్లె. ఇంట్ల నోరు తెరవకపోయేటోడు. తెల్లారి వేలానికని గొంతు దాచుకునేటోడు. గొంతు పోయినంకనే నాతోని ముచ్చట పెట్టిండు. నేను వంటింట్ల, ఆయన హాల్ల. దినమంత టింగు టింగుమని మెసేజులు."

ఒకటి తీసి చూపించింది.

"ఇయ్యాల పప్పు మంచిగుంది. నలభై ఏండ్ల సంది మంచిగనే ఉంది."

యాదగిరి అన్నా, చెప్పాల్సినవన్నీ చెప్పేసే వెళ్ళారు. ఇక ఆ వేలికి కూడా విశ్రాంతి ఇవ్వండి. ఎక్కడున్నా చల్లగా, హాయిగా ఉండండి.