గాజు అడుగు పడవ

మా ట్రినిడాడ్ వాళ్ళు టొబాగో బయల్దేరారంటే మనుషులు మాత్రమే వెళ్ళరు, వంటిల్లు కూడా కదిలి వెళ్తుంది. ఓడెక్కితే పూటలో చేరిపోయే దీవి అది. అయినా అక్కడ బియ్యం దొరకవన్నట్టు, కోళ్ళు గుడ్లు పెట్టవన్నట్టు, ఈస్టర్ సెలవులకి నెల ముందునుంచే గిన్నెలూ ఐసు పెట్టెలూ సర్దడం మొదలుపెడతారు. దులారీ వాళ్ళ అక్క సింతియా ఈ విద్యలో ఆరితేరింది. కాపురం సాన్ ఫెర్నాండోలో. ఆవిడ ఫోను చేసిందంటే ఇక్కడ దులారీ పొయ్యి మీది పాలు పొంగిపోవాల్సిందే.

"పెలావ్ పెద్ద గిన్నెడు నేను వండుకొస్తానే. రొట్టెలు నీ వంతు. అల్లం ముక్కలు మర్చిపోకు. ఓడ ఊగిందంటే మా ఆయన కడుపులోవన్నీ బయటికొస్తాయి. ఆయన్ని చూసి మిగతావాళ్ళు మొదలెడతారు."

"అక్కా, నేను అన్నం తింటున్నా."

"తిను తిను. ఏం కూర?"

"శనగలు."

"మళ్ళీ శనగలేనా? సముద్రం ఒడ్డున ఇల్లుంచుకుని రోజూ శనగలు తినే ఆడదాన్ని నిన్నే చూశా."

"పిల్ల చేప ముట్టట్లేదు కదక్కా. దానికొకటీ నాకొకటీ ఎక్కడ వండను?"

"మొన్న మా ఇంటికి ఒక్కదానివే వచ్చావుగా? అప్పుడూ ముట్టలేదు."

"సరేలే, అల్లం ఎంత తేను?" అని దులారీ మాట మార్చేసింది.

పిల్ల చేప ముట్టని మాట మాత్రం నిజం. దులారీ కూతురు సరిషాకి ఆరేళ్ళు. ఒకప్పుడు ముల్లు కూడా చప్పరించి వదిలే పిల్ల, రెండేళ్ళుగా పళ్ళెంలో చేప కనబడితే పక్కకి తోసేస్తోంది. తల్లి బతిమాలింది, బెదిరించింది, ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. చివరికి విసుగొచ్చి వండటమే మానేసింది.

దులారీది సెడ్రోస్. అత్తగారి ఇంట్లో ఉంటూ స్కూలు యూనిఫారాలు, పరదాలు కుట్టి బతుకుతోంది. భర్త డెరిక్ జాలరి. గుడ్ ఫ్రైడే నాడు మా దీవిలో చేప లేనిదే ముద్ద దిగదు, ఆ వారమే జాలర్లకి అసలైన పండగ. రెండేళ్ళ కిందట ఆ బుధవారం సాయంత్రం డెరిక్ ఒంటరిగా పడవ తీసుకుని వెళ్ళాడు. శుక్రవారం పొద్దున్న పడవ దొరికింది. వల దొరికింది. వల నిండా చేపలు కూడా ఉన్నాయి. మనిషి మాత్రం లేడు.

శవం దొరకలేదు కాబట్టి డెరిక్ తల్లి రాజ్‌దయీ ముసలమ్మ కర్మకాండ జరగనివ్వలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేయొచ్చని పండితుడు అన్నందుకు, "ఆ గడ్డిబొమ్మని నేను కన్నానా?" అంటూ ఆయన్ని గేటు దాకా సాగనంపింది. దులారీ ఔననలేదు, కాదనలేదు. 'చచ్చిపోయాడు' అన్న మాట ఆమె నోట ఒక్కసారి కూడా రాలేదు. ఎవరైనా అడిగితే "అది జరిగాక" అనేది. ఏది జరిగాకో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రెట్టించేవారు కాదు.

పోయిన ఏడు గుడ్ ఫ్రైడే నాడు ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళింది. పొద్దు వాలేదాకా ఇద్దరూ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు చూసి తల తిప్పుకున్నారు. వచ్చే ఏడు నా పిల్ల ఆ ఒడ్డున కూర్చోకూడదని దులారీ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. టొబాగో ప్రయాణం అక్కడ పుట్టింది.

పిల్ల సముద్రమంటే బెదురుతుందేమో, ఆజీని, అంటే నాయనమ్మని, వదిలి రానంటుందేమోనని తల్లి భయపడింది. తీరా చెబితే సరిషా మంచం మీదనుంచి ఒక్క గెంతు గెంతింది.

"అక్కడ అడుగున గాజున్న పడవ ఉంటుందట కదమ్మా! టీచర్ చెప్పింది. కిందున్న చేపలన్నీ కనబడతాయట. ఇక్కడివన్నీ బురద నీళ్ళు, ఏం చూసినా కనబడదు."

ఆ పూట దులారీ మిషను దగ్గర కూర్చుని కూనిరాగం తీసింది. పిల్ల తేరుకుంది, దాని మనసులో దిగులు పోయింది అనుకుంది. బిడ్డ మనసు తల్లికి తెలియకుండా ఉంటుందా అంటారు. ఆ మాట పుట్టించింది కూడా తల్లులే అయ్యుంటారు.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం సింతియా మొగుడి వ్యానులో దిగి, మూత పడని సంచి మీద కూర్చుని జిప్పు లాగుతోంది. సరిషా అలమారలోంచి పాత ఎర్ర గౌను పట్టుకొచ్చింది.

"అది పొట్టయిపోయిందే, కొత్త పసుపుది తెచ్చుకో," అంది దులారీ.

"ఇదే కావాలి. నాన్న కొన్నాడు. వేరేది వేసుకుంటే గుర్తుపట్టడు."

"ఎవరు గుర్తుపట్టాలే?" అంది సింతియా నవ్వుతూ.

"నాన్న. పెద్దమ్మా, ఆ గాజులోంచి మనకి చేపలు కనబడతాయి కదా, మరి చేపలకి మనం కనబడతామా?"

సింతియా చేతిలో జిప్పు ఆగిపోయింది.

"ఆజీ చెప్పింది. నాన్న గుడ్ ఫ్రైడే నాడు నీళ్ళలోనే ఉండిపోయాడు కదా, అందుకని చేపైపోయాడు. ఏ చేపో ఆజీకి కూడా తెలీదు."

గుడ్ ఫ్రైడే నాడు సముద్రంలో దిగితే చేపైపోతారని మా దీవిలో క్రైస్తవులూ అంటారు, హిందువులూ అంటారు, ముస్లిములు కాదనరు. అందరూ నవ్వుతూనే చెబుతారు. నీళ్ళలో మాత్రం ఒక్కరూ దిగరు.

దులారీకి పక్కకి తోసిన పళ్ళేలన్నీ గుర్తొచ్చాయి. 'తిని చూడవే, నా బంగారం కదూ' అని తను బతిమాలినప్పుడు ఆ పసిది ఏమనుకుని ఉంటుంది? కొట్టినప్పుడు ఏమనుకుని ఉంటుంది? ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఆ మంటలోనే పెరట్లోకి వెళ్ళింది. రాజ్‌దయీ మెట్టు మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది.

"పసిదానికి ఏం చెప్పారు అత్తయ్యా మీరు?"

"ఏడుస్తుంటే ఊరుకోబెట్టాను."

"రెండేళ్ళు ఊరుకోబెట్టారా!"

ముసలమ్మ కొబ్బరి చిప్ప కింద పెట్టింది. "నువ్వేం చేశావు మరి? తల్లివి కదా. నాన్నేడని అది నిన్నడిగితే మిషను తొక్కావు. అడిగినప్పుడల్లా మిషనే తొక్కావు. అప్పుడు నన్నడిగింది. నాకు మిషను లేదు పిల్లా."

దులారీకి కోపమంతా ఎటుపోయిందో తెలియలేదు. పక్కనే కూలబడి, "మీరూ మాతో రండి అత్తయ్యా. ఒక్కరే ఎందుకిక్కడ?" అంది.

"నేనెలా వస్తాను? వాడొచ్చేసరికి ఇంటికి తాళం ఉంటే?"

ముసలమ్మ పిల్లని మభ్యపెట్టలేదని, తను పట్టుకున్న కొమ్మనే మనవరాలికీ అందించిందని దులారీకి అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో నిజం చెప్పాల్సింది తనొక్కతే. ఎవరి మీదికీ తోసేయడానికి లేదు.

"తిరిగొచ్చాక చెప్పవే. పండగ పూట పిల్లని ఏడిపిస్తావా?" అంది సింతియా.

"దాన్నలా ఆశపెట్టి పడవెక్కించమంటావా అక్కా? తర్వాత, తర్వాత అంటూనే ఇంత దూరం వచ్చాను."

పిల్లని మిషను స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నాన్న చేప కాలేదమ్మా. మనుషులు చేపలైపోరు. నాన్న నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు."

సరిషా ఏడవలేదు. చేతిలోని ఎర్ర గౌను అంచు వేలికి చుట్టుకుంది.

"ఆజీకి తెలుసా?"

"తెలుసు. ఒప్పుకోలేకపోతోంది."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

పిల్ల స్టూలు దిగి ఎర్ర గౌనుని తల్లి ఒళ్ళోకి విసిరికొట్టింది. గుమ్మం దాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"మరైతే నువ్వెందుకు చేప తినవు?"

నీకోసమే అనబోయింది దులారీ. ఆ అబద్ధం ఆ పిల్ల ముందు ఇంక నిలబడదు. అసలు సంగతి అది కాదు. ఆ నీళ్ళలో తిరిగిన చేప ఏం తిని పెరిగిందోనన్న ఆలోచన రెండేళ్ళుగా ఆమెని వదల్లేదు. బజారులో చేపల బల్ల కనబడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేది. ఆరేళ్ళ పిల్లకి చెప్పే మాటా అది? పిల్లని దగ్గరికి లాక్కుంది. అప్పుడు ఏడ్చింది సరిషా, ఇల్లంతా వినబడేలా. పెరట్లో కొబ్బరి కోరుతున్న చప్పుడు ఆగిపోయింది.

ఏడుపు తగ్గాక, "టొబాగో వద్దంటే మానేద్దాం," అంది తల్లి.

"వెళ్దాం. పెద్దమ్మ పెలావ్ వండేసింది కదా," అంది పిల్ల ముక్కు తుడుచుకుంటూ.

ఓడలో సింతియా మొగుడు అనుకున్నంతా చేశాడు. శుక్రవారం ఇసుకలో ఆడుకున్నారు, ఎవరూ నీళ్ళలో దిగలేదు. శనివారం బుకూ తీరాన గాజు అడుగు పడవ ఎక్కారు. సరిషా పసుపు గౌను వేసుకుంది. పగడపు దిబ్బల మీదికి రాగానే పడవవాడు ఇంజను ఆపాడు. గాజు కింద నీలం చేపలు, చారల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. పిల్ల వాటిని కాసేపు చూసింది, 'ఇది చిలకలా ఉంది' అని నవ్వింది, తర్వాత పక్కనున్న పిల్లతో కబుర్లలో పడింది.

దులారీ మాత్రం గాజు మీద నుంచి తల ఎత్తలేదు. రెండు చేతులూ అంచు మీద పెట్టి, ఇంకా ఇంకా వంగి చూస్తోంది. చచ్చిపోయాడని చెప్పింది తనే. ఆ మాట నిజమని తెలుసు కూడా. అయినా ఏ చేపైనా ఒకటి గుంపు వదిలి పైకి వస్తే, ఆగి తనకేసి చూస్తే అని కళ్ళు ఒక్కోదాన్నీ వెతుకుతున్నాయి. కన్నీళ్ళు గాజు మీద పడితే చేత్తో తుడిచి మళ్ళీ చూసింది.

కబుర్లు ఆపేసి సరిషా తల్లి పక్కకి వచ్చి నిలబడింది. పడవవాడు తాడు లాగి ఇంజను మొదలెట్టబోయాడు.

"అంకుల్, అప్పుడే తిప్పకండి," అంది పిల్ల. "మా అమ్మ ఇంకా చూస్తోంది."