ఊరికే ఎక్కిన కారు

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా మెడలో దండ వేయించుకుని రిటైరైన నేను నిజానికి కిరాయి కారు తోలుకుని బతుకుతున్నానని తెనాలి నుంచి వచ్చిన రిజిస్టర్డ్ ఉత్తరం చదివాకే తెలిసింది. ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు రాశారు. రెండు పేజీల ఇంగ్లీషు. సొంతానికి వాడుకుంటానని పాలసీ తీసుకున్న కారును నేను కిరాయికి తిప్పుతున్నట్టు వాళ్ళ విచారణలో తేలిందట. కాబట్టి ప్రమాదంలో పాడైన కారుకు పైసా కూడా ఇవ్వరట. కింద సంతకం, దాని కింద ఎల్లప్పుడూ మీ సేవలో అని ఒక వాక్యం.

మా ఆవిడ ఆ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూసి, "ఖాకీ చొక్కా కూడా వాళ్ళే ఇస్తారేమో కనుక్కోండి" అంది.

జరిగింది చెప్తాను. మాది రేపల్లెకూ, నగరం అనే ఊరికీ మధ్య ఒక పల్లె. మా ఎదురిల్లు ఊళ్ళో పేరున్న రైతుది. తాతల నాటి భూములు, పెద్ద అరుగు, అరుగు మీద ఎప్పుడూ నలుగురు మనుషులు. మా నాన్న ఆయన తండ్రి దగ్గర జీతానికి ఉండేవాడు. నేను మిషన్ బడిలో చదివి, మాస్టరునై, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో సరిగ్గా ఆ అరుగుకి ఎదురుగా స్థలం కొని డాబా వేశాను. ఊళ్ళో ఇంకెక్కడా స్థలం దొరకలేదని అందరికీ చెప్తూ ఉంటాను. దొరికేది.

ఆయన కూతురికి బాపట్లలో నిశ్చితార్థం కుదిరింది. అదే వారం వాళ్ళ కారు షెడ్డుకెక్కింది. ఆ ఇంట్లో ఒకరిని అడగడమనేది ఇంటా వంటా లేదు. ఆయన మా గేటు దగ్గర నిలబడి వాన గురించి, మినుముల ధర గురించి పావుగంట మాట్లాడాడు. చివరికి, "ఎల్లుండి బాపట్ల వెళ్ళాలి మాస్టారూ. మా కారు చూస్తే షెడ్డులో పడుంది" అని ఆకాశం వంక చూశాడు. అంతకు మించి ఆయన నోట రాదని నాకు తెలుసు.

"నేను తీసుకెళ్తానుగా అన్నయ్యగారూ" అన్నాను.

ఆ ఇంటివాళ్ళు నా కారెక్కి కూర్చోవడం నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. దాచుకోవడం ఎందుకు? అంతకు ముందు రోజే కారు రెండుసార్లు కడిగాను.

ఆయన భార్య బానెట్ మీద బంతిపూల దండ కట్టింది. డిక్కీ నిండా మిఠాయిల పళ్ళాలు, పండ్లు పెట్టారు. బాపట్లలో నన్ను మొదటి బంతిలోనే కూర్చోబెట్టి వడ్డించారు. వియ్యాలవారు ప్యాంటూ చొక్కా గుడ్డలు పెట్టారు. దారిలో డీజిల్ బంకు దగ్గర ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, "మా ఇంట్లో ఆ అలవాటు లేదండి" అన్నాను. ఆయన ముఖం కొంచెం మారింది. నాకు అది కూడా బాగానే ఉంది.

తిరుగు ప్రయాణంలో, ఊరు ఇంకో పది నిమిషాలుందనగా దెబ్బ తిన్నాం. కోతల రోజులు. మా వైపు ప్రభుత్వం రోడ్లు వేసేది ధాన్యం ఆరబోసుకోవడానికే. పక్కన కాస్త మిగిలితే అందులోంచి బండ్లు పోతాయి. సగం రోడ్డు మీద వడ్లు, వాటి అంచున వరుసగా ఇటుకలు. ఎదురుగా ఇద్దరిని ఎక్కించుకుని మోటార్ సైకిల్ వచ్చింది. ఎవడికైనా తోచేది ఒకటే, చక్రం వడ్ల మీదికి తిప్పడం. కానీ వెనక సీట్లోంచి ఆయన, "వడ్లు మాస్టారూ, వడ్లు" అన్నాడు. నా చేతులకు ఆయన చెప్పనే అక్కర్లేదు. గింజ మీద కాలు పడితే కళ్ళకద్దుకోమని నేర్పిన ఊరు ఇది. మోటార్ సైకిలును దాటనిచ్చి రెండో వైపుకి తిప్పాను. అక్కడ తూము గోడ ఉంది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క గింజ నలగలేదు. కారు ముందు భాగం మాత్రం వడ్లకు బదులు తనే నలిగింది.

కారును తెనాలిలో షెడ్డుకు లాగించి క్లెయిమ్ పెట్టాను. కంపెనీ సర్వేయర్ వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. రేడియేటర్ కంటే బంతిపూల దండకే ఎక్కువ ఫోటోలు తీశాడు. డిక్కీలో కారిపోయిన జాంగ్రీ పాకం కూడా వదల్లేదు. ఫంక్షన్ కారా సార్ అనడిగితే, అవునండి అన్నాను. తెల్లనివన్నీ పాలనుకునే వయసు నాది కాదు, అయినా అనుకున్నాను.

వారం తర్వాత నేను షెడ్డుకి వెళ్ళిన రోజునే మా ఊరికి విచారణ మనిషి వచ్చాడు. మా ఇంటికి కాదు, ఎదురింటి అరుగు మీదికి. ఆ సంగతి సాయంత్రం ఆయనే నాకు ఎంతో ఇదిగా చెప్పాడు.

"మీ మర్యాదకి లోటు రాకుండా చెప్పాను మాస్టారూ. కారు ఎంతకి మాట్లాడుకున్నారండి అన్నాడు. ఎంతో అంత ఇచ్చాంలే, మేం ఒకళ్ళ దగ్గర ఊరికే ఎక్కే మనుషులం కాదన్నాను. మజ్జిగ తాగి, రాసుకుని, సంతకం పెట్టించుకెళ్ళాడు."

నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దింటి డాబు, పోనీలే అనుకున్నాను. పదిహేను రోజులకు ఆ ఉత్తరం వచ్చింది.

తెనాలి ఆఫీసులో మేనేజరుకు నా ఆఖరి బ్యాచ్ పిల్లల వయసు ఉంటుంది. మర్యాదస్తుడు. లేదు అనే ప్రతి మాట ముందూ వెనకా సార్ అన్నాడు.

"సార్, డబ్బులిచ్చామని ఆయనే సంతకం పెట్టారు కదా సార్."

"ఇవ్వలేదు బాబూ. ఇస్తామన్నా నేను తీసుకునేవాణ్ని కాదు."

"బట్టలు కూడా పెట్టారంట కదా సార్."

"శుభకార్యానికి వెళ్ళిన వాళ్ళకి బట్టలు పెడతారు. మీ ఇంట్లో పెట్టరా?"

"పెడతాం సార్. కానీ ఇది ఫైల్లోకి వచ్చింది సార్."

ఫైల్లోకి వస్తే చొక్కా గుడ్డ కూడా కిరాయే. ప్రీమియం కట్టించుకున్న రోజు ఇదే ఆఫీసులో నాకు కూల్ డ్రింకు ఇచ్చారు. ఆ లెక్కన నేను వాళ్ళ హోటల్‌కి కూడా వెళ్ళినట్టే. అదే మాట అతనితో అన్నాను. అతను నవ్వలేదు. చివరికి ఒక దారి చెప్పాడు. కారు ఎక్కిన మనిషే స్వయంగా వచ్చి, డబ్బులేమీ ఇవ్వలేదని, ఉచితంగానే తీసుకెళ్ళారని ఆఫీసులో తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. అలా చేస్తే పై ఆఫీసుకు పంపుతాడు. నెల గడువు.

ఒక్క కాగితమే కదా అనుకుంటూ ఇంటికొచ్చాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు చర్చే గానీ పూజారి లేడు, అందుకని దేవుడు ఎదురింటాయన్ని పెట్టాడు.

"ఆఫీసుకొచ్చి ఏంటి మాస్టారూ రాయాల్సింది?"

"మీరు నాకేమీ ఇవ్వలేదని అన్నయ్యగారూ. ఉచితంగా ఎక్కామని."

ఆయన కండువా దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అలా ఎలా రాస్తానండి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన డబ్బు సంచీ తెచ్చి మా టేబుల్ మీద పెట్టాడు. షెడ్డువాడి బిల్లు మొత్తం, అక్షరాలా. వాడికి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు. అది తీసుకుంటే నా కారు బాగైపోతుంది, కంపెనీ చెప్పిన అబద్ధం నిజమైపోతుంది. ఆ మాటే ఆయనతో అని సంచీ వెనక్కి తోశాను.

"డబ్బు తీసుకోండి మాస్టారూ, ఆ రాత మాత్రం అడక్కండి" అన్నాడు.

"నాకు రాతే కావాలండి" అన్నాను.

ఆయన వెళ్ళాక మా ఆవిడ, "మీకు కారు కావాలా, ఆయన సంతకం కావాలా?" అంది. కారే అన్నాను. ఆవిడ నమ్మలేదు, లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిడ లెక్కే సరైనది. ఆ మూడు వారాలూ బస్సుల్లో, ఆటోల్లో తిరుగుతూ నేను కారు గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ ఇంటి మనిషి తెల్ల కాగితం మీద తన చేతి రాతతో మా ఇంటి నుంచి ఊరికే తీసుకున్నానని రాయడం గురించే అనుకున్నాను. మా నాన్న ఆ అరుగు కింద నిలబడి కొలిపించుకున్న జీతం గింజలు నాకు గుర్తున్నాయి. కాగితం రాగానే ఒక జిరాక్స్ తీసి పెట్టుకోవాలని కూడా నిర్ణయించుకున్నాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ అనుకున్నది అదే.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఆయన ఇస్త్రీ బట్టలతో మా గేటు ముందు నిలబడ్డాడు. "తెనాలి బండి ఎన్నింటికి మాస్టారూ?" అన్నాడు. రేపల్లెలో రైలెక్కాం. రెండు టిక్కెట్లూ ఆయనే తీశాడు.

మేనేజరు కాగితం, పెన్ను ఇచ్చాడు. ఆయన నిదానంగా రాసి ఇచ్చాడు. మా అమ్మాయి శుభకార్యానికి ఎదురింటి మాస్టారు గారు తోడు వచ్చారు, అంతే. మేనేజరు చదివి, "ఇది చాలదు సార్. డబ్బులివ్వలేదు, ఉచితంగా ఎక్కాను అని ఉండాలి సార్" అన్నాడు.

ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. పెన్ను పెట్టాడు, ఎత్తాడు, మళ్ళీ పెట్టాడు. నేను పక్క కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నా జన్మలో అంత తీరికగా ఏదీ చూడలేదు.

"ఏంటి సార్ ఇబ్బంది?" అన్నాడు మేనేజరు.

ఆయన మేనేజరు వైపు చూడలేదు. నాతో, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"మీ నాన్న మాకు ఊరికే పని చేసిన రోజులున్నాయి మాస్టారూ. అప్పట్లో మా నాన్న లెక్కలు నేనే రాసేవాణ్ని. ఆ రోజులు మాత్రం రాసేవాణ్ని కాదు. ఇంకెవరి కారైనా ఊరికే ఎక్కానని రాసేస్తానండి. మీ ఇంటిది ఎలా రాస్తాను?"

అని, రాశాడు. డబ్బులేమీ ఇవ్వలేదని, ఉచితంగా ఎక్కానని, కింద తారీఖుతో సహా. మేనేజరు ముద్ర కొట్టి, "జిరాక్స్ ఏమన్నా కావాలా సార్?" అని నన్నడిగాడు. అక్కర్లేదన్నాను. నాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ కోపం వచ్చింది. మూడు వారాలు కాచుకుని గెలిచిన గెలుపును ఆ మనిషి రెండు ముక్కల్లో లాగేసుకున్నాడు.

క్లెయిమ్ పాసైంది. అరుగుదల కింద కొంత, ఇంకేదో కింద కొంత కోసుకుని మిగిలింది వేశారు. కారు ఇంటికొచ్చింది. ఆయనా నేనూ ఇప్పటికీ గేటు దగ్గర వాన గురించి, మినుముల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. నాన్న ఊరికే చేసిన ఆ రోజులు ఎన్ని అని అడుగుదామని రెండు మూడుసార్లు నోటి దాకా వచ్చింది. అడగలేదు. లెక్కలు రాసిన మనిషి, అడిగితే సరిగ్గా ఎన్ని రోజులో చెప్పేస్తాడు.