పదో ముడి

పిల్లలతో పనిచేసే మనిషిని. వాళ్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమంటే మాత్రం వేయను. అది నాకు నచ్చదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది జరిగింది. నాకే జరిగింది. అప్పుడు నాకు జ్వరం లేదు, నిద్రమత్తు లేదు. రాత్రి ఎనిమిదిన్నర కూడా దాటలేదు. పక్కన ఇంకో మనిషి ఉంది... ఆమెకూ తెలిసింది. మీరు నమ్మకపోయినా ఏమీ అనుకోను. మధ్యలో నవ్వకండి, అంతే.

మాది ఆర్మూర్. మార్కెట్ యార్డు వెనక కాలనీలో మహిళా సంఘం వాళ్లకు ఒక గది ఉంది. అందులో నేను సాయంత్రం బడి నడుపుతాను. స్కూలు వదిలాక పిల్లలు అక్కడికి వస్తారు. హోంవర్క్ చేస్తారు, క్యారమ్స్ ఆడతారు, కథల పుస్తకాలు చదువుతారు. పెద్ద క్లాసుల పిల్లలు చిన్నవాళ్లకు లెక్కలు చెప్తారు. తల్లుల్లో కొందరు బీడీలు చేస్తారు, కొందరు పసుపు పనికి పోతారు. తండ్రుల్లో సగం మంది గల్ఫ్‌లో ఉన్నారు. చీకటి పడేదాకా ఆ పిల్లలను చూసేవాళ్లు ఉండరు. అందుకే ఆ బడి.

బడి అయ్యాక చిన్నవాళ్లను ఇళ్లకు చేర్చేది కూడా నేనే. పసుపు సీజన్‌లో ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువ, కుక్కలు ఎక్కువ. అందుకని ఒక తాడు పెట్టాం. లారీ మీద బస్తాలు కదలకుండా కడతారే, ఆ నైలాన్ తాడు. దానికి రెండు మూరలకు ఒకటి చొప్పున పది ముడులు. తొమ్మిది ముడులు తొమ్మిది మంది చిన్నపిల్లలవి. పదోది, చిట్టచివరిది, మమతది. మమత పదో తరగతి పిల్ల. ముందు నేను కొస పట్టుకుని నడుస్తాను. వెనక మమత. ఏ పిల్ల ఇల్లు వస్తే ఆ పిల్ల ముడి వదిలేసి లోపలికి పోతుంది. వెనక ముడుల పిల్లలు ముందుగా దిగిపోతారు. ఖాళీ అయిన తాడును మమత చుట్టుకుంటూ వస్తుంది.

ఆ రోజు మమత రాలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయని ఇంట్లో చదువుకుంటోంది. పదో ముడి ఖాళీ. పైగా సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. కాలనీ మొత్తం చీకటి. అవతల రాళ్ల గుట్ట కూడా కనపడటం లేదు. ఎక్కడ చూసినా ఉడికిన పసుపు వాసన... మీకు తెలుసు కదా, ఆ రోజుల్లో ఇక్కడ గాలే పచ్చగా ఉంటుంది.

నా ఫోన్ వెలుగులోనే బయలుదేరాం. ఒక్కొక్కరినీ దింపుకుంటూ పోయాను. ఒక్కో గుమ్మం ముందు పేరు పిలిచి, తల్లి చేతికో నానమ్మ చేతికో అప్పగించాను. వెనక ఖాళీ తాడు పొడుగవుతోంది. చుట్టేవాళ్లు లేరు కాబట్టి అది రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. జర్... జర్... జర్... ఆ చప్పుడు మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే నాకు ముందు తెలిసింది చప్పుడు కాదు. చప్పుడు ఆగిపోవడం.

ఆఖరి ఇల్లు గంగమణిది. ఆమె బీడీలు చేస్తుంది, భర్త దుబాయిలో ఉన్నాడు. కూతురు నిఖిత మూడో తరగతి. నిఖితను అప్పగించాను. గంగమణి "జర చాయ్ తాగి పోరాదుండ్రి టీచర్" అంది. పొద్దుపోయిందని చెప్పి వచ్చేశాను. సందు మలుపు దాకా వచ్చేసరికి ఫోన్ ఆరిపోయింది. చార్జింగ్ అయిపోయింది.

చీకట్లోనే నడుస్తున్నాను. తాడు కొస నా కుడిచేతిలో ఉంది. పది అడుగులు వేశానేమో... తాడు చప్పుడు లేదు. నేల మీద ఈడ్చుకుంటూ రావాల్సిన తాడు చప్పుడు చేయడం లేదు. చేతిలో బరువు మాత్రం ఉంది. నేలకు తగలకుండా... నా నడుము ఎత్తులో... వెనక్కి సాగి ఉంది.

రాయికి తట్టుకుందనుకున్నాను. కొంచెం లాగాను. వచ్చింది. మళ్లీ నడిచాను.

అప్పుడు వెనక నుంచి లాగింది. మెల్లగా. రెండు సార్లు.

మీకు ఇక్కడ ఒకటి చెప్పాలి. తాడు పట్టుకుని నడిచేటప్పుడు ఏ పిల్లకైనా చెప్పు ఊడిపోతే అలాగే లాగుతుంది. రెండు సార్లు. ఆగమని గుర్తు. మేమే నేర్పాం. రోజూ కనీసం ముగ్గురు నలుగురు లాగుతారు. నేను వెనక్కి తిరగకుండానే ఆగుతాను. చెప్పు వేసుకున్నాక తాడు వదులవుతుంది. "అయిందా?" అని అడిగి కదులుతాను.

ఆ రాత్రి కూడా అలవాటుగా ఆగాను. నిలబడ్డాను. తాడు వదులైంది. "అయిందా?" అన్నాను. కదిలాను. నాలుగు అడుగులు వేశాక... అప్పుడు వెలిగింది నాకు. పిల్లలందరినీ దింపేశాను కదా.

వెనక్కి తిరిగి చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు. "ఎవరమ్మా?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినిపించింది. తాడు అలాగే గాలిలో ఉంది.

తాడు అక్కడే పారేసి ఉరకవచ్చు. మీరైతే అదే చేసేవారు. నాకూ అదే అనిపించింది. కానీ మనసులో ఇంకొకటి మెదిలింది. లెక్క తప్పానేమో. అప్పగించిన పిల్లల్లో ఒకరు ఇంట్లోంచి మళ్లీ బయటికొచ్చి తాడు పట్టుకున్నారేమో. భయంతో మాట రావడం లేదేమో. నేను వదిలేస్తే ఆ చీకట్లో, ఆ లారీల మధ్య ఒక పిల్ల ఒంటరిగా ఉండిపోతుంది. అందుకే వదల్లేదు.

మళ్లీ గంగమణి గుమ్మం దాకా నడిచాను. వెనక్కి చూడకుండా నడిచాను. పిలిచాను. ఆమె ఫోన్ లైటు వేసుకుని వచ్చింది.

"ఏమైంది టీచర్?"

"అక్కా, గీ తాడుకు ఎవరో ఉన్నరు. జర లైటు వెయ్యి."

ఆమె వెనక్కి లైటు వేసింది. తాడు రోడ్డు మీద పడి ఉంది. పొడుగ్గా, చివరి ముడి దాకా. మనిషి లేదు, కుక్క లేదు.

"ఎవరు లేరు కదా," అంది.

లైటు పక్కకు తిప్పింది. తాడు నా చేతిలో లేచింది. కొసను ఆమె చేతికి ఇచ్చాను. ఆమె పట్టుకుంది. బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వేలికొసలు మొద్దుబారి ఉంటాయి. ఆ వేళ్లకు కూడా తెలిసింది.

"గుంజుతున్నది," అంది మెల్లగా.

"నిఖిత ఉన్నదా లోపల?"

"బువ్వ తింటున్నది."

"మిగతా పిల్లలను ఒకసారి చూసొద్దాం అక్కా. నాకు జర భయమైతున్నది."

నిఖితను అత్తకు అప్పజెప్పి ఆమె నాతో వచ్చింది. ఇద్దరం కొస పట్టుకున్నాం. వచ్చిన దారిలోనే వెనక్కి... ఒక్కో ఇంటి ముందు ఆగి అడిగాం. పిల్లలు ఉన్నారు. కొందరు తింటున్నారు, కొందరు పడుకున్నారు. ఒక తండ్రి మాత్రం అనుమానంగా "మా పోరడు గిప్పుడే పండుకున్నడు. ఏమైంది మేడం?" అని అడిగాడు. ఏం లేదన్నాను. ఎనిమిది ఇళ్లూ అయిపోయాయి. నిఖితతో కలిపి తొమ్మిది. అందరూ ఉన్నారు.

తాడు చివర బరువు మాత్రం అలాగే ఉంది.

మధ్యలో గంగమణి మూడు సార్లు గభాలున వెనక్కి లైటు వేసింది. వేసినప్పుడల్లా తాడు నేల మీద పడి ఉంటుంది. తిప్పగానే లేస్తుంది. మూడోసారి తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుంది. "లైటు ఎన్కకు వెయ్యొద్దు టీచర్," అంది. "జడుసుకుంటది."

ఆ మాట విన్నాక నా భయం ఒక రకంగా మారింది. తగ్గలేదు... మారింది.

పసుపు ఎండబోసే కల్లం పక్కన రేకుల గదుల వరస ఒకటుంది. సీజన్‌లో బయటి నుంచి పనికి వచ్చేవాళ్లు ఉంటారు. ఈసారి ఎవరూ రాలేదు, అన్నిటికీ తాళాలే. అక్కడికి రాగానే తాడు ఆగింది. మేం ముందుకు లాగితే రాలేదు. ఈసారి పక్కకు... గదుల వైపు సాగింది.

గంగమణి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"పోయినేడు నాందేడ్ దిక్కు నుంచి వచ్చినోళ్లు ఉన్నరు గీ అర్రల," అందామె. "పసుపు ఉడకపెట్టే పనికి. వాళ్లకొక పిల్ల ఉండె. గుర్తున్నదా?"

గుర్తుంది. ఇది మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ చెప్పకపోతే కథ కాదు. ఆ పిల్లకు ఎనిమిదేళ్లుంటాయేమో. చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని మా కిటికీ బయట నిలబడేది. లోపల పిల్లలు ఎక్కాలు చెప్తుంటే పెదవులు కదిపేది. తెలుగు సరిగా రాదు. "రేపు మీ అమ్మను తోల్కరా, పేరు రాసుకుంటం" అన్నాను. తల ఊపింది. మరుసటి రోజు మళ్లీ ఒక్కతే వచ్చింది. మళ్లీ అదే చెప్పాను. ఆ తల్లి పొద్దుగూకేదాకా పనిలోనే ఉంటుంది, ఎలా వస్తుంది? సాయంత్రం మేం ఇళ్లకు బయలుదేరితే ఆ పిల్ల మా వెనకే, కొంచెం దూరంగా నడిచేది. వాళ్ల గది ఈ దారిలోనే కదా. ఒక రోజు మమత అడిగింది. "టీచర్, గా పిల్లకు గూడ తాడు ఇద్దామా? నా ముడి ఇస్త." నేను వద్దన్నాను. "పేరు లేని పిల్ల. ఏమన్న అయితే మన మీదికి వస్తది" అన్నాను. ఆ మాట ఆ పిల్లకు అర్థమైందో లేదో నాకు తెలియదు. సీజన్ అయిపోగానే వాళ్లు వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ గది ముందు నిలబడి ఉన్నాం. రోజూ పిల్లలకు చెప్పే మాటే చెప్పాను.

"ఇల్లు వచ్చింది బిడ్డా. లోపలికి పో. పైలం."

కాసేపు ఏమీ జరగలేదు. ఎక్కడో లారీ హారన్. తర్వాత... తాడు వదులైంది. నేల మీద పడిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. టప్ మని. చిన్నగా.

గంగమణి లైటు వేసింది. తలుపుకు తాళం ఉంది. తాళం మీద సాలెగూడు, చెదరలేదు. నేను తాడు చుట్టడం మొదలుపెట్టాను. తొమ్మిది ముడులూ చల్లగా ఉన్నాయి. దుమ్ము అంటుకుని ఉన్నాయి. పదో ముడి చేతికి తగిలింది...

వెచ్చగా ఉంది. చాలాసేపు అరచేతిలో ఉన్న వస్తువు ఎలా ఉంటుందో, అలా. గంగమణి చేతికి ఇచ్చాను. పట్టుకుని చూసింది. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, "పా టీచర్, పోదాం," అంది. అంతే.

తర్వాత వారం రోజులు నిద్రపోలేదు. వాళ్లను పనికి తెచ్చిన మేస్త్రీని వెతికి పట్టుకున్నాను. ఆ పిల్ల ఎలా ఉందని అడిగాను. "మంచిగనే ఉండొచ్చు మేడం. ఈ యేడు వాళ్లు వేరే దిక్కు పోయిన్రు," అన్నాడు. ఫోన్ నంబరు ఇచ్చాడు. అది పనిచేయలేదు. పోనీ పిల్ల పేరేమిటని అడిగాను. అతనికి తెలియదు. కాలనీలో ఎవరికీ తెలియదు. నేను కూడా ఒక్కసారైనా అడగలేదు.

అందుకే నేను ఏమీ తేల్చి చెప్పలేను. ఆ పిల్లకు ఏదో అయిందని అనను. అననివ్వను కూడా. ఎక్కడో హాయిగా ఉందనే అనుకుంటాను. మరి ఆ రాత్రి తాడు పట్టుకున్నది ఏమిటి? గాలా? నా తప్పు నన్ను పట్టుకుని లాగిందా? అయితే గంగమణి చేతికి ఎందుకు తెలియాలి? ఎంత ఆలోచించినా నాకు అందదు.

ఇప్పుడు మా బడిలో తల్లిని తీసుకురమ్మని ఎవరినీ అడగను. కిటికీ దగ్గర ఎవరు నిలబడ్డా లోపలికి పిలుస్తాను. తమ్ముణ్ని ఎత్తుకుని వస్తే తమ్ముడికీ చాప వేస్తాను. తాడుకు ఇంకో ఆరు ముడులు కలిపాం.

గంగమణి ఆ రాత్రి గురించి మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ మరుసటి రోజు నుంచి బీడీల చాట పక్కన పెట్టి బడి వదిలే వేళకల్లా వస్తుంది. మమత పై చదువుకు నిజామాబాద్ వెళ్లిపోయింది. ఇప్పుడు తాడు చివర పట్టుకునేది గంగమణే.

మొన్న మళ్లీ కరెంటు పోయింది. రేకుల గదులు దాటుతున్నాం. నాకు ఉండబట్టలేదు. వెనక్కి చూడకుండానే అడిగాను.

"అక్కా, నీ ఎన్క ఎవరన్న ఉన్నరా?"

"ఎవరు లేరు టీచర్. నేనే ఆఖరు," అంది.

ఇంకో నాలుగు అడుగులు నడిచాం. అప్పుడు చీకట్లోంచి, మెల్లగా, మళ్లీ గంగమణి గొంతే...

"గట్లనే అనుకుంటున్న."