ఒకే కనుబొమ్మతో వైస్ ప్రెసిడెంటు పోటీ

కుడి కనుబొమ్మ అయిపోయింది. ఎడమ వైపుకి తిరిగి, దారం మెలిపెట్టి, మొదటి వెంట్రుక పట్టుకోబోతున్నాను. పక్క కుర్చీలోంచి రాజ్యం ఆంటీ, "ఎవరమ్మా ఆ పిల్ల? కమిటీలో ఒక్క పూటన్నా కూచుందా? వచ్చీ రాగానే వైస్ ప్రెసిడెంటు కావాలంట," అంటున్నారు.

ఆ పిల్ల నా చేతి కిందే ఉంది. పేరు హరిత. కుర్చీలో వెనక్కి వాలి, మొహం పైకెత్తి, రెండు చేతులతో కంటి చుట్టూ చర్మం లాగి పట్టుకుని ఉంది కాబట్టి ఆంటీకి ఆమె మొహం కనిపించట్లేదు. నవ్వు ఆపుకోలేక హరిత పొట్ట ఎగిరెగిరి పడుతోంది. కస్టమర్ నవ్వితే కనుబొమ్మ కదులుతుంది, కనుబొమ్మ కదిలితే దారం గురి తప్పుతుంది. పని ఆపేశాను. నాకూ నవ్వొస్తోంది మరి.

ఇది సింగపూర్‌లో, పాయా లెబార్ అనే చోట, ఒక మాల్ రెండో అంతస్తులో ఉన్న చిన్న పార్లర్‌లో జరిగింది. అప్పటికి నేను అక్కడ చేరి ఆరో ఏడు, హోదా సీనియర్. మా తెలుగు సంఘానికి ఎన్నికలు జరిగే శనివారం అది. తర్వాత మెడనొప్పి వల్ల ఆ ఉద్యోగం మానేశాను. ముప్పై మూడేళ్ళకే రిటైరయ్యానంటే అందరూ నవ్వుతారు. నవ్వనీండి. థ్రెడింగ్ చేసేవాళ్ళకి మెడే ప్రావిడెంట్ ఫండు, నేను కొంచెం ముందుగా వాడేసుకున్నాను.

మెడ ఎందుకంటే, మా తుని వైపు పార్లర్లలో దారం కొస పళ్ళతో కరిచి పట్టుకుంటారు. సింగపూర్‌లో శుభ్రత పట్టింపు ఎక్కువ, అలా కుదరదు. కొస మెడకి చుట్టుకుని చెయ్యాలి. మెడ అరిగిపోతుంది గానీ నోరు ఖాళీగా ఉంటుంది. పదో తరగతితో చదువు ఆపేసి మాటలు మాత్రం ఆపని నాలాంటిదానికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

ఈ పనిలో వరస ఉంది. కొత్తగా చేరినవాళ్ళు ముందు తమ పిక్కల మీది వెంట్రుకలు తీసుకుంటూ చెయ్యి సాపు చేసుకోవాలి. తర్వాత అప్పర్ లిప్ ఇస్తాం, అంటే పై పెదవి. ఆ తర్వాత నుదురు, చెంపలు. కనుబొమ్మ ఆఖరి ప్రమోషన్. పెదవి మీద చెయ్యి తప్పితే కాసేపు ఎర్రబడి తగ్గిపోతుంది. కనుబొమ్మ మీద తప్పితే నెల రోజులు ఊరంతా చూస్తుంది. మా జూనియర్ సెల్వి, తమిళమ్మాయి, చాలా నెలలుగా కనుబొమ్మ ఇమ్మని నన్ను అడుగుతోంది. ఆ రోజు హరిత తొందరగా వెళ్ళాలనగానే, నువ్వో పక్క నేనో పక్క చేస్తే సగం టైములో అయిపోతుంది కదా అక్కా అంది. హరిత కూడా సరేనంది. నేనే ఒప్పుకోలేదు. నీకింకా అనుభవం చాలదమ్మా అని చెప్పి రాజ్యం ఆంటీ పెదవి దగ్గరికి పంపించేశాను.

ఇక సంఘం సంగతి. ఉగాది, పిల్లల డాన్సులు, భోజనాలు, కొత్తగా దిగినవాళ్ళకి ఫ్లాట్ వెతికిపెట్టడం, అవీ మా సంఘం చేసే పనులు. తాతల కాలంలో నేవీ యార్డు పనికొచ్చి సెంబవాంగ్‌లో స్థిరపడినవాళ్ళు ఇందులో పాత కుటుంబాలు. రాజ్యం ఆంటీ వాళ్ళలో పెద్దావిడ. మా అత్తగారి వైపువాళ్ళూ ఆ పాత కుటుంబాలవాళ్ళే. హరితలాంటి ఆఫీసు ఉద్యోగాలవాళ్ళు తర్వాత వచ్చినవాళ్ళు. వైస్ ప్రెసిడెంటు పదవిని మామూలుగా ఎవరూ పట్టించుకోరు. దండ ఒకటి, స్టేజి మీద రెండో కుర్చీ ఒకటి, అంతే. ఆ ఏడు మాత్రం ప్రెసిడెంటుగా ఉండబోయే విశ్వనాథం అంకుల్, ఏడాదిలో సగం రోజులు రాజమండ్రిలోనే ఉంటానని ముందే చెప్పేశారు. అంటే ఆ సగం రోజులూ సంఘం వైస్ ప్రెసిడెంటు చేతిలోనే. పోటీలో ఇద్దరు. ప్రకాశరావు అంకుల్ సెక్రటరీగా చేశారు, ట్రెజరర్‌గా చేశారు, మళ్ళీ సెక్రటరీగా చేశారు. హరిత ఏమీ చెయ్యలేదు. రాజ్యం ఆంటీ చెయ్యెత్తితే పాత కుటుంబాల ఆడవాళ్ళందరూ ఎత్తుతారు. అందుకే ఆవిడ మాటకి అంత విలువ.

ఇలాంటప్పుడు మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒక కుర్చీలో మాట ఇంకో కుర్చీకి చేరెయ్యకూడదు. నేను చేరెయ్యలేదు. ఆంటీయే నేరుగా హరిత చెవిలో పోశారు. పోస్తూ ఉండగా సెల్వి ఆవిడ పై పెదవి మీద దారం పెట్టింది. పెదవి చేసేటప్పుడు కస్టమర్ నాలుక లోపలి నుంచి పెదవికి ఆనించి బిగించాలి. ఇంక మాట్లాడే వీలుండదు. సరిగ్గా అప్పుడు హరిత చేతులు తీసి పక్కకి తిరిగి, "ఆంటీ, ఆ పిల్లను నేనే," అంది.

ఆంటీ కళ్ళు తాటికాయలంత అయ్యాయి. లేవబోతే సెల్వి తమిళంలో కదలొద్దంది. ఆవిడ కదల్లేక, మాట్లాడలేక, చూపుడువేలు మాత్రం పైకెత్తి ఆడించారు. నేను నవ్విన నవ్వుకి మెడలో దారం జారి కిందపడింది.

అంతలో హరితకి ఫోను. హాలు ఆ సాయంత్రం వేరేవాళ్ళకి కూడా ఇచ్చారట, మీటింగు గంట ముందుకి జరిపారు. మొదట మాట్లాడాల్సింది తనే. అప్పటికప్పుడు టాక్సీ పిలిస్తే అది మాల్ పక్క సందులోనే ఉన్నట్టు ఫోన్లో చూపించింది. అక్కడ కారు ఆపుకోనివ్వరు. హరిత లేచి నిలబడింది. వేరే టాక్సీకి డబ్బులెందుకు దండగ అని, పెదవి సగంలో ఉండగానే ఆంటీ కూడా లేచారు. ఒకరికి ఒకటే కనుబొమ్మ, ఇంకొకరికి సగం మీసం. పని సగంలో ఉండగా కస్టమర్ గడప దాటకూడదని మా ఓనరు మేడమ్ రూలు. ఆవిడ నా చేతిలో దారపు ఉండ పెట్టి, నువ్వూ వాళ్ళతో పొమ్మన్నారు. అలా ముగ్గురం ఒకే టాక్సీలో సెంగ్‌కాంగ్‌లో ఉన్న హాలుకి బయల్దేరాం.

కదిలే బండిలో థ్రెడింగ్ చెయ్యకూడదు, కంటికి ప్రమాదం. కాబట్టి దారి పొడుగునా నోళ్ళకే పని. ఆంటీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, సరే అమ్మాయ్, ఇంతవరకూ నువ్వేం ఉద్ధరించావో చెప్పు అన్నారు. హరిత చెప్పింది. సెంగ్‌కాంగ్‌లో వాళ్ళ బ్లాకు కింద ఖాళీ చోటులో, వాయిడ్ డెక్‌లో, మనవాళ్ళ పిల్లల డాన్సులు పెట్టారు. పక్క బ్లాకు కింద అదే రోజు మలయ్ వాళ్ళ పెళ్ళి. వాళ్ళ డప్పులూ మన స్పీకర్లూ ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయి. మనవాళ్ళు సౌండు పెంచమన్నారు. హరిత పెంచకుండా పెళ్ళికూతురి మేనత్త దగ్గరికెళ్ళి కూర్చుంది. పెళ్ళికొడుకు వచ్చేటప్పుడు మనం పాట ఆపేటట్టు, చిన్నపిల్లలు ఆడేటప్పుడు వాళ్ళు డప్పు ఆపేటట్టు మాట్లాడుకున్నారు. చివరికి మన ఆడవాళ్ళంతా పెళ్ళికొడుకుని చూడ్డానికి వరస కట్టారు, పెళ్ళివాళ్ళు వచ్చి పులిహోర తిన్నారు.

"మకాన్ బాగానే పెట్టావు, తిండికేం లోటు లేదు. అది ఇరుగుపొరుగు సంగతి, సంఘం సంగతి కాదు," అన్నారు ఆంటీ.

నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. ఆంటీ, నేను పార్లర్‌లో చేరిన కొత్తలో నా చేతికి మొట్టమొదటి కనుబొమ్మ ఇచ్చింది ఎవరు అని అడిగాను. అది ఆవిడే. సీనియర్ సెలవు పెట్టిన రోజు, ఎవరూ నా కుర్చీలో కూర్చోకపోతే, ఆవిడ వచ్చి కూర్చున్నారు. ఇంక ఆంటీ మెత్తబడతారనుకున్నాను.

"ఇచ్చాను. ఎడమది కొరికేసినట్టు చేశావు. నెల రోజులు పెన్సిలు దిద్దుకు తిరిగాను. కనుబొమ్మయితే మళ్ళీ మొలుస్తుందే మంగా, సంఘం మొలుస్తుందా?"

హరిత నావైపు చూసింది. నేను ఆంటీ ఎడమ కనుబొమ్మ వైపు చూశాను. అది బాగానే మొలిచింది.

ముందు సీట్లో చైనీస్ డ్రైవర్ అంకుల్‌కి ఇదేం గొడవో తెలుసుకోవాలని ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. బాస్ ఎప్పుడూ ఊళ్ళో ఉండకపోతే వైసే బాస్, కాబట్టి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళని పెట్టుకోండి అన్నాడాయన. ఆంటీ అద్దంలోంచి ఆయన్ని ఒక చూపు చూశారు. ఆయన చటుక్కున రేడియో పెట్టుకున్నాడు.

హాలు వెనక వంటగదిలో ట్యూబులైటు బాగుంది. కుర్చీ వేశాను. బయట మైకు సర్దుతున్నారు, మహా అయితే అయిదు నిమిషాలు. అంటే ఒకరికే టైము. నాకు సందేహమే లేదు, స్టేజి ఎక్కేది హరిత. ఆంటీ కూడా, ఓటు సంగతి వేరు, ముందు ఆ పిల్లకే చెయ్యి, నలుగురిలో నిలబడాల్సింది తను అన్నారు. హరిత కూర్చోలేదు. ఆంటీ రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"మీరు మీటింగుల నన్ను గట్టిగనే అడుగుతరు కదా ఆంటీ. కొంగు అడ్డం పెట్టుకుని అడిగితే వెనకాలవాళ్ళకు వినబడదు. ముందు మీరే చేయించుకోండ్రి."

ఆంటీ నాలుక లోపల్నుంచి ఆనించి పెదవి బిగించారు. నేను మిగతా సగం తీసేశాను. ఆరేళ్ళలో ఆవిడ నా కుర్చీలో అంత బుద్ధిగా కూర్చోవడం అదొక్కసారే.

హరిత ఎడమ వైపుకి జుట్టు దించుకుని స్టేజి ఎక్కింది. ఏం చెయ్యదలుచుకుందో క్లుప్తంగా చెప్పి దిగింది. ప్రకాశరావు అంకుల్ తను చేసిన పదవులన్నీ వరసగా చెప్పారు. మంచి మనిషే, ఆయన చెప్పినవన్నీ నిజమే. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు అడగొచ్చనగానే రాజ్యం ఆంటీ లేచారు. నేను వంటగది గుమ్మంలో దారపు ఉండ నలుపుతూ నిలబడ్డాను. ఆవిడ మూతి నున్నగా మెరుస్తోంది. అడిగింది మాత్రం ఏమాత్రం నున్నగా లేదు. ఇద్దరూ చెప్పండి, ప్రెసిడెంటు ఊళ్ళో లేనప్పుడు మీ వల్ల తప్పు జరిగితే ఏం చేస్తారు అన్నారు.

ప్రకాశరావు అంకుల్, తన వల్ల ఇంతవరకూ తప్పు జరగలేదని, జరిగితే కమిటీని పిలుస్తానని చెప్పారు. హరిత మళ్ళీ స్టేజి ఎక్కి, జుట్టు వెనక్కి తోసింది. ఒక కనుబొమ్మ గీత గీసినట్టు, రెండోది గడ్డిదుబ్బులా. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇట్లనే వచ్చి మీ ముందు నిలబడత. దాచుకోను. ఎవరికి పని తెలుసో వాళ్ళను పిలిచి సరిచేయించుకుంట. మొదట మీకే ఫోన్ చేస్త ఆంటీ, మీకు ఇష్టమున్నా లేకున్నా."

హాలంతా నవ్వులు. ప్రకాశరావు అంకుల్ కూడా నవ్వారు. ఆంటీ నవ్వలేదు, కూర్చున్నారు.

చేతులెత్తి ఓటు వెయ్యడం మా పద్ధతి. ముందు ప్రకాశరావు అంకుల్‌కి. చాలా చేతులు లేచాయి. ఆంటీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, ఆవిడ వరసంతా అలాగే ఉంది. తర్వాత హరితకి అన్నారు. ఆంటీ వెంటనే ఎత్తలేదు. కొంగు సర్దుకున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, ఆఖరికి ఎత్తారు. ఎత్తిన చెయ్యి దించకుండానే రెండో చేత్తో గుమ్మంలో ఉన్న నన్ను చూపిస్తూ, ఈ మంగ మొదటిసారి నా కనుబొమ్మకి చేసినదానికంటే ఘోరం అయ్యేది ఏముందిలే అని వరసంతటికీ వినబడేట్టు చెప్పారు. వరసకి వరస లేచింది. హరిత కొద్ది ఓట్లతో గెలిచింది. నేను చప్పట్లు కొట్టబోయి దారపు ఉండ పారేసుకున్నాను. అది దొర్లుకుంటూ స్టేజి దాకా వెళ్ళింది. ప్రకాశరావు అంకుల్ తీసి ఇచ్చి, ముందు మా వైస్ ప్రెసిడెంటు గారి రెండో కనుబొమ్మ సంగతి చూడమన్నారు. వంటగదిలో ట్యూబులైటు కింద చూశాను.

ఆరేళ్ళు ఎదుటివాళ్ళ మొహాల మీద పనిచేసినా అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒకటుంది. అనుభవం ఎవరూ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోరు. ఎవరో ఒకరు తమ మొహం అప్పగిస్తేనే వస్తుంది. అప్పగించే ముందు గట్టిగా అడగడం తప్పేం కాదు. అడిగాక, జవాబు బాగుంటే, కూర్చోవాలి.

మర్నాడు పొద్దున్న షాపు షట్టరు ఎత్తి, దారం తెంపి సెల్వి చేతిలో పెట్టి, కస్టమర్ కుర్చీలో నేను కూర్చున్నాను. నిజంగానా అక్కా అంది. తప్పు చేస్తే ఏం చేస్తావని అడిగాను. పెన్సిలు కొనిస్తానంది. వెనక్కి వాలి, రెండు చేతులతో కంటి చుట్టూ చర్మం లాగి పట్టుకుని, నోరు మూసుకున్నాను.