జరీ ధర దిగిన రోజు

ఆ చలికాలమంతా బంగారం ధర పడిపోవాలని నేను మొక్కుకున్నాను. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు, అమ్మ కంట పడుతుందని భయం.

డెబ్బైల చివరి మాట. హైదరాబాదు పాతబస్తీలో, షాలిబండలో ఒక వ్యాపారస్తుల ఇంటి మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. నాన్నది గుమాస్తా ఉద్యోగం. అమ్మకు కుట్టుమిషను కొనుక్కోవాలని ఆశ. అందుకోసం చనిపోయిన నాయనమ్మ పట్టుచీర అమ్ముదామనుకుంది. దాని అంచూ కొంగూ అసలు జరీ, వెండి తీగ మీద బంగారు పూత. పాత జరీ కొనేవాళ్లు దాన్ని కత్తిరించుకుపోయి కరిగిస్తారు. బంగారం ఎక్కితే జరీ కూడా ఎక్కేది.

ఆ చీర నాకు కావాలి. నాయనమ్మకు చదువు రాదు. నా చేత పుస్తకాలు చదివించుకుని, కథ నచ్చితే "నా పట్టుచీర నీకే" అనేది. నచ్చకపోతే ఆ మాట వెనక్కి తీసుకునేది. మా ఇద్దరికీ తప్ప ఆ ఒప్పందం ఎవరికీ తెలియదు.

జరీ కొనే ఆయన వారానికోసారి బార్కస్ వైపు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు.

"అమ్మా, ఇయ్యాల మస్తు రేటుంది, ఇచ్చెయ్. రేపేమైతదో అల్లాకే ఎరుక."

"పోయిన వారమూ ఇదే చెప్పావుగా? ఈ వారం ఇంకా పెరిగింది. నేనేం వెర్రిదాన్నా?"

"గట్లనే ఆగుండ్రి. నేను ముసలోన్నయిత."

కింద ఇంటావిడ మెట్ల మీద కూర్చుని, "పుష్యం రానియ్యి వదినా. పెండ్లిళ్లుండవు, కొనేటోళ్లుండరు. దిగుతది సూడు" అనేది. నేను ఆమె మాటే నమ్ముకున్నాను. ధర దిగితే అమ్మ ఇక చీర అమ్మదని నా లెక్క.

పుష్యం వచ్చింది. ధర ఇంకా ఎక్కింది. పొద్దున్నే కిందివాళ్ల పేపరు తెచ్చి అమ్మకు రేటు చదివి వినిపించడం నా పని. విని, "ఇంకొక్క వారం చూద్దాంలే" అని అమ్మ చీర ఉన్న పెట్టె మూత వేసేది. ధర ఎక్కుతున్నందుకే చీర ఇంట్లో ఉంటోందని నాకు తట్టలేదు. దిగాలనే మొక్కుతూ ఉన్నాను.

ఒకరోజు పేపర్లో ధర ఒక్కసారిగా పడింది. సంతోషం పట్టలేక గబగబా చదివాను. అమ్మ ముఖం పాలిపోయింది.

"అయ్యో, రేపింకా పడిపోతుందేమో!"

ఆ రోజు జరీ కొనే అతను వచ్చే రోజే. అమ్మ చీర చంకన పెట్టుకుని పరుగున వెళ్లి అతన్ని సందు మొదట్లోనే ఆపింది. నేను వెనకే వెళ్లాను.

"అరె, పెరిగేటప్పుడు ఇయ్యలే, ఇప్పుడేంది గింత తొందర?" అతను నవ్వుతూ కత్తెర తీశాడు. "పొద్దుగాల్నుంచి అందరూ గిట్లనే. ఊపిరాడ్తలేదు నాకు."

"కబుర్లు కాదు, తూకం సరిగ్గా చూడు."

అంచు రిబ్బనులా ఊడివచ్చింది. కత్తెర కొంగు దగ్గరకు వచ్చేసరికి ఆ కొంగును చటుక్కున పట్టుకున్నాను.

"వదులు బిటియా, వేలు తెగుతది."

వదిలేశాను.

జరీ పోయిన ఉత్త పట్టుగుడ్డ మడతపెట్టుకుంటూ మేడ మెట్లెక్కుతున్న అమ్మ వెనక్కి తిరిగి, నా కళ్లు చూసింది. అప్పుడు చెప్పాను, నాయనమ్మ అది నాకిస్తానందని. అమ్మ ఉన్న మెట్టు మీదే కూలబడింది.

"ఇన్నాళ్లూ ఒక్క మాటన్నా అనలేదేమే? రేపటి బంగారం ధరే నాకు తెలిసి చావడం లేదు, నీ మనసులో ఏముందో ఎలా తెలుస్తుందే!"